జామకాయ పడిన చప్పుడు

"నాన్నా, డైనోసార్లప్పుడు కూడా జామకాయ ఇంతే వేగంగా కింద పడేదా?"

డాబా మీద ఉన్నాం. మా అమ్మాయి చేతిలోంచి సగం కొరికిన కాయ జారి, టప్పున పడి, ట్యాంకు కిందకి దొర్లిపోయింది. దాన్ని వెతకడం మానేసి అడిగిందీ మాట.

1937లో భౌతిక శాస్త్రవేత్త పాల్ డిరాక్‌కి వచ్చిన సందేహమూ ఇదే. విశ్వం వయసు పెరిగేకొద్దీ గురుత్వాకర్షణ బలం తగ్గుతోందేమో అన్నాడాయన. 1948లో మరో భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టెల్లర్ లెక్కగట్టాడు. అదే నిజమైతే ఒకప్పుడు సూర్యుడు ఇంకా భగభగ మండుండాలి, భూమి ఇంకా దగ్గరగా తిరిగుండాలి, 20-30 కోట్ల ఏళ్ల కిందట సముద్రాలు మరిగేదాకా వచ్చుండాలి. ఆ నీళ్లలో అప్పటికే చేపలు ఈదుతున్నాయి! ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

చందమామని చూపించాను. 1969 నుంచి అక్కడ అద్దాలున్నాయి. భూమ్మీంచి లేజర్ కొడితే రెండున్నర సెకన్లలో తిరిగొస్తుంది, ఆ సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. గురుత్వం తగ్గుతుంటే చందమామ దూరం జరగాలి. ఏటా 3.8 సెంటీమీటర్లు జరుగుతున్నాడు కూడా, కానీ అది ఆటుపోట్ల పని. అది పక్కన పెడితే గురుత్వం మారిన జాడే దొరకలేదు. మారినా ఏడాదికి లక్ష కోట్లలో ఒక వంతు కూడా ఉండదు.

"అంటే అప్పుడూ ఇదే చప్పుడన్నమాట," అంది.

ఫోన్ టార్చి వేసి కాయ బయటికి తీశాం.