రాత్రి డ్యూటీ, పెరిగే బరువు

"తక్కువే తింటా ఉండాను గదన్నా, మరి బరువెందుకు పెరగతా ఉంది?" అని, తిరుపతి బస్టాండు దగ్గరి లాడ్జిలో రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చిన తమ్ముడు, వెలుతురు పడకుండా కిటికీకి దుప్పటి కడుతూ అడిగాడు.

ఎంత తిన్నాడన్నదే కాదు, ఎప్పుడు తిన్నాడన్నదీ ముఖ్యమే. మెదడులోని గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది; రాత్రివేళ ఇన్సులిన్ అంత చురుకుగా పనిచేయదు కాబట్టి, అర్ధరాత్రి తిన్న పరోటా పగటికంటే ఎక్కువగా రక్తంలో చక్కెరను పెంచుతుంది. నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను కూడా పెరగవచ్చు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది వాడి గురక. మెడచుట్టూ కొవ్వు చేరితే నిద్రలో శ్వాస ఆగి ఆగి, దొరికే ఆ కాస్త నిద్రా చెడిపోతుంది. అలా ఆగడం నేను చెవులారా విన్నాను.

డ్యూటీకి ముందే భోజనం పెట్టి పంపమనీ, ఈ వారమే వాణ్ణి డాక్టరుకు చూపిద్దామనీ అమ్మతో చెప్పాను.