పద్నాలుగేళ్ల ఏడు నెలల దగ్గర

సైన్యంలో సిపాయికి 15 ఏళ్ల సర్వీసు నిండితే సర్వీస్ పెన్షన్. నాకు పద్నాలుగేళ్ల ఏడు నెలలప్పుడు మోకాలి గాయానికి మెడికల్ బోర్డు పెట్టారు, అంటే సర్వీసులో ఉంచాలా ఇంటికి పంపాలా అని తేల్చే డాక్టర్ల బృందం. ఫోన్‌లో చెబితే మా అమ్మ, "పుత్తూరు పోయి కట్టు కట్టించుకుంటే పోయేదానికి ఇంటికి పంపిస్తారా నాయనా?" అనింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ ఐదు నెలల కోసం ఎంత టెన్షన్ పడ్డానో! తీరా చూస్తే అసలు సంగతి నెలల్లో లేదు, బోర్డు కాగితంలో ఒక్క వాక్యంలో ఉంది: గాయం సర్వీసు వల్ల వచ్చిందా, లేదా. సర్వీసు వల్లే అని రాస్తే 15 నిండకపోయినా సర్వీస్ ఎలిమెంట్ (చేసిన సర్వీసుకిచ్చే పెన్షన్ భాగం), దాని మీద డిజెబిలిటీ ఎలిమెంట్ (వైకల్యానికిచ్చే భాగం), రెండూ వస్తాయి. నాకు వైకల్యం 30 శాతం అని రాశారు. ఇలా మధ్యలో పంపించేస్తే దాన్ని 50గా లెక్కకడతారు. ఈ మాట చిత్తూరులో ఒక రిటైర్డ్ సుబేదార్ సార్ టీ తాగుతూ చెప్పారు. యూనిట్లో ఒక్కరూ చెప్పలేదు.

పడిన రోజు రాసిన గాయం రిపోర్టు జెరాక్స్ తీసిపెట్టుకోవడమే నేను చేసిన తెలివైన పని. అదీ మా ఆవిడ బీరువాలో చీరల కింద దాచబట్టి మిగిలింది.

ఇప్పుడు ఏటా స్పర్శ్‌లో, అంటే సైన్యం పెన్షన్ల వెబ్‌సైట్‌లో, లైఫ్ సర్టిఫికెట్ ఒక్కటే పని. తిరుమల మెట్లు మాత్రం ఎక్కలేను. పోయిన నెల బస్సులోనే పోయి దండం పెట్టుకొని వచ్చాను.