నిట్టింగ్ మెషీన్ మీద దారం తెగుతూనే ఉంటే: నా అనుభవం

నాది ఇంట్లో వాడుకునే ఫ్లాట్‌బెడ్ మెషీన్, అంటే సూదులన్నీ ఒకే తిన్నని వరుసలో ఉండేది. 200 సూదులు, సూదికీ సూదికీ మధ్య 4.5 మిల్లీమీటర్లు. స్వెటర్ వెనక భాగం అల్లుతుండగా ఊలు దారం మాటిమాటికీ తెగడం మొదలైంది. దారం తెగినా క్యారేజ్ (సూదుల మీదుగా అటూ ఇటూ తోసే భాగం) ఆగదు. అది దాటిన సూదుల మీది లూపులన్నీ జారిపోతాయి. కింద బరువులు వేలాడుతుంటాయి కదా, అల్లిక దబ్బున కిందపడుతుంది.

దారం నాసిరకమేమో అని ఎవరైనా ముందు అనేస్తారు. చేత్తో లాగి చూస్తే గట్టిగానే ఉంది. అందుకని ఎక్కడ తెగుతోందో చూడసాగాను. ప్రతిసారీ ఒకే సూది దగ్గరైతే అనుమానం సూది మీదే. వరుసలో ఎక్కడపడితే అక్కడైతే కోన్ (దారం చుట్టి ఉండే శంకువు) నుంచి క్యారేజ్ దాకా దారం నడిచే దారి చూసుకోవాలి. నాకు రెండూ కనిపించాయి!

ముందు దారి సంగతి. క్యారేజ్‌లోంచి దారం తీసి చేత్తో మెల్లగా లాగాను. ఒకే తీరుగా రావాల్సింది ఆగి ఆగి వస్తోంది. కోన్ పక్కకు ఉండటంతో దారం దాని అంచుకు రాసుకుంటోంది. దాన్ని పైనున్న మొదటి కన్నానికి సరిగ్గా కిందకు జరిపాను. దారాన్ని నొక్కిపట్టి బిగువునిచ్చే టెన్షన్ బిళ్లల మధ్య ఊలు నూగు గట్టిగా పేరుకుంది, తుడిచేశాను. అయినా అల్లేటప్పుడు పైనున్న స్ప్రింగు తీగ పూర్తిగా వంగిపోతూనే ఉంది. అంటే బిగువు ఎక్కువే. ఆ బిళ్లల బిగువు మార్చే డయల్ కాస్త వదులు చేశాను. గరుకు దారం కాబట్టి మైనం కూడా పట్టించాను. ఈ మైనానికి ఇవ్వాల్సినంత విలువ ఎవరూ ఇవ్వరని నా ఫిర్యాదు.

తర్వాత కుట్టు సైజు, అంటే క్యారేజ్ మీది డయల్‌తో పెట్టుకునే లూపు పరిమాణం. ఆ అంకె మరీ చిన్నదైతే లూపులు బిగుసుకుపోయి పాత లూపులోంచి కొత్త దారాన్ని లాగలేక సూది పెనుగులాడుతుంది. క్యారేజ్ తోయడానికి బరువనిపిస్తే అదే గుర్తు. అంకె పెంచగానే చేతికి తేడా తెలిసింది.

ఇక మిగిలింది ఆ ఒక్క సూది. పాత నైలాన్ సాక్స్ ముక్కతో కొక్కేన్ని తడిమితే పోగులు పట్టుకున్నాయి. సూదులను కదలకుండా పట్టి ఉంచే స్పాంజి పట్టీ లాగి, సూది మార్చేశాను. క్యారేజ్ కింది బ్రష్‌లకు చుట్టుకున్న పోగులు కూడా అప్పుడే తీసేశాను.

ఇప్పుడు తెగేది కోన్‌లోనే ముడి ఉన్నచోట మాత్రమే. ముడి వస్తున్నట్టు కనిపిస్తే అల్లడం ఆపి, దారాన్ని కత్తిరించి, వరుస అంచున కొత్త కొసతో మొదలుపెడుతున్నాను.