ఆర్కిడ్‌కి కత్తెర పెట్టే ముందు

నిన్న సాయంత్రం కింద ఫ్లాట్ ఆంటీ తన ఫలెనాప్సిస్ ఆర్కిడ్ కుండీ పట్టుకుని పైకొచ్చారు. పూలన్నీ రాలిపోయాయి, కాడ మాత్రం నిలబడి ఉంది. "అమ్మాయ్, నీ దగ్గర కటర్ ఉంది కదా, ఈ కాడ కాస్త కోసి పెట్టు" అన్నారు. నిజానికి క్షణంలో అయిపోయే పనే, అయినా ఆవిణ్ణి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, కొత్త బ్లేడు ఒకటి విప్పేదాకా ఆ మొక్క మీద చెయ్యి వేయలేదు.

మూడేళ్ళ కిందట మా కూకట్‌పల్లి బాల్కనీలో పదకొండు ఆర్కిడ్లు ఉండేవి. ఒక ఆదివారం పాల ప్యాకెట్లు కోసే వంటింటి కత్తెర తీసుకుని, ఎండిన కాడలూ కుళ్ళిన వేళ్ళూ ఒక కుండీ తర్వాత ఒకటి వరసపెట్టి కోసేశాను. తర్వాతి పూతకి డెండ్రోబియం అనే రకం ఆర్కిడ్ ఒకదానికి రేకుల మీద రంగు చెదిరిపోయి చారలు చారలుగా వచ్చింది. అదేదో కొత్త అందం అనుకుని ఫోటోలు కూడా తీశాను. కొన్నాళ్ళకి పక్క కుండీల్లో ఆకుల మీద నల్లగా, లోపలికి దిగిన మచ్చలు మొదలయ్యాయి. అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది, ఆర్కిడ్లని ఎక్కువగా పట్టేవి సింబీడియం మొజాయిక్ వైరస్, ఒడొంటోగ్లాసమ్ రింగ్‌స్పాట్ వైరస్ అని, రెండూ మొక్క రసంలో ఉండి కోసిన కత్తెర మీదుగా ఇంకో మొక్కకి చేరతాయని, వాటికి మందు లేదని. నేను ల్యాబ్ పరీక్ష చేయించలేదు, కానీ లక్షణాలు అచ్చంగా అవే. ఐదు మొక్కలు పారేశాను. చాలా బాధపడ్డాను.

అందుకే చెప్తున్నాను, ఏ కంపెనీ కత్తెర కొన్నామన్నది తర్వాతి మాట, ఒక మొక్కకి వాడింది శుభ్రం చేయకుండా రెండోదానికి వాడకూడదు. చాలామంది స్పిరిట్‌తో తుడిచేసి సరిపోయిందనుకుంటారు, అది బూజుకీ బ్యాక్టీరియాకీ పనిచేస్తుంది కానీ ఈ వైరస్‌ల విషయంలో దాన్ని నమ్మడానికి లేదు. గడ్డం గీసుకునే బ్లేడ్లు ప్యాకెట్ కొనుక్కోండి, మొక్కకొకటి, పని కాగానే కాగితంలో చుట్టి పారేయండి. లావు కాడలకి కటర్ కావాలంటే రెండు అంచులూ ఒకదాని పక్కనుంచి ఒకటి జారే రకం తీసుకోండి, కింద బల్లలా ఉండి పై బ్లేడు దాని మీద నొక్కే రకం కాడని నలిపేస్తుంది, నలిగిన చోటే కుళ్ళు మొదలవుతుంది. కటర్‌ని మొక్కకీ మొక్కకీ మధ్య గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి చల్లారనివ్వాలి. మంట మీద పెడితే పదును తగ్గుతుంది కాబట్టి ఖరీదైనది వద్దు. ఇంకోటి, స్పిరిట్‌తో తుడిచినదాన్ని పొరపాటున కూడా మంట దగ్గరికి తేవద్దు.

ఇక ఎక్కడ కోయాలి? ఫలెనాప్సిస్ కాడ గోధుమరంగుకి తిరిగి ఎండిపోతే మొదలు దగ్గరే తీసేయాలి. పచ్చగా ఉంటే కింద నుంచి రెండో మూడో కణుపు వదిలి దానికి కొంచెం పైన కోస్తే, ఆ కణుపులోంచి మళ్ళీ పూకొమ్మ రావచ్చు. మొక్క నీరసంగా ఉంటే మాత్రం ఆశపడకుండా మొత్తం తీసేయడం మంచిది.

డెండ్రోబియం దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. ఆకులు రాలిపోయి బోడిగా, చిన్న చెరకు గడలా నిలబడిన కాండాన్ని చూసి చచ్చిపోయిందనుకుని కోసేస్తారు. దయచేసి కోయకండి! నీళ్ళూ పోషకాలూ అందులోనే దాచుకుంటుంది, కొన్ని రకాలు అదే గడ మీద మళ్ళీ పూస్తాయి, ఒక్కోసారి పిలకలూ వేస్తాయి. పూర్తిగా ముడుచుకుపోయి, ఎండి, పిసికితే బోలుగా తగిలితేనే తీయాలి.

వేళ్ళని కూడా కంటితో చూసి తేల్చేయకూడదు, వేలితో నొక్కి చూడాలి. తెల్లగా వెండిరంగులో ఉన్నది ఎండిందని కాదు, తడిపితే పచ్చబడుతుంది. మెత్తగా, గోధుమరంగులో ఉండి, లాగితే పైపొర ఊడి లోపల దారంలాంటిది మిగిలితే అది పోయినట్టే. కోసిన కాడకీ ఆకుకీ దాల్చినచెక్క పొడి అద్దొచ్చు, వేళ్ళకి మాత్రం వద్దు, వాటిని ఎండగొట్టేస్తుంది. మన ఊళ్ళో మే నెల ఎండల్లో ఈ పనేదీ పెట్టుకోకపోవడమే నయం, నలభై డిగ్రీల్లో మొక్కకి ఉన్న కష్టమే చాలు.

ఆంటీ కాడ ఇంకా పచ్చగానే ఉంది. మూడో కణుపు దగ్గర బ్లేడు పెట్టి వేలి వెడల్పు పైన కోశాను, చివర దాల్చినచెక్క పొడి అద్దాను. బ్లేడు కాగితంలో చుడుతుంటే "ఇంకా పదునుంది కదమ్మా, పారేస్తావా?" అన్నారు. నా ఐదు మొక్కల సంగతి చెప్పాను. వాళ్ళింట్లో ఇంకో మూడు కుండీలున్నాయట, వెళ్ళేటప్పుడు మిగతా బ్లేడ్ల ప్యాకెట్ ఆవిడ చేతిలో పెట్టాను.