గోరంత కలువ

నా తొట్టిలో కలువ గింజలు మొలుస్తాయి, నీటి అడుగున దారంలాంటి ఆకు ఒకటి వేస్తాయి, తర్వాత జావ అయిపోతాయి. ఎన్నిసార్లయిందో! నీళ్లు ఎక్కువై చచ్చాయేమో అన్న అనుమానమే రాలేదు. కలువకి నీళ్లు ఎక్కువవడమేంటి అనుకుంటాం కదా.

నింఫియా థర్మారమ్ గురించి చదివాక ఆ ధీమా పోయింది. కలువలన్నిట్లోకీ చిన్నది. కొన్ని ఆకులు సెంటీమీటరు వెడల్పే, అంటే నా చిటికెనవేలి గోరంత. తెల్లని పువ్వు, మధ్యలో పసుపు. 1987లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఎబర్‌హార్డ్ ఫిషర్ దీన్ని నైరుతి రువాండాలో, మషుజా వేడినీటి ఊట దగ్గర చూశాడు. ఊట నీళ్లు పొర్లి, 25 డిగ్రీలకు చల్లారే చోట, తడి బురదలో ఉండేది. చెరువులో కాదు, బురదలో! 2008 నాటికి ఊట నీళ్లను వాడకానికి మళ్లించేశారు, బురద ఎండింది, అక్కడ మొక్క కనిపించకుండా పోయింది.

లండన్‌లోని క్యూ వృక్షోద్యానంలో మొక్కలు పెంచే కార్లోస్ మాగ్డలీనాకీ దీని మొలకలు నావాటిలాగే చచ్చేవి. మిగతా కలువల్లా నీళ్లలో ముంచి పెంచేవాడు మరి. దీనికి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కావాలని తట్టి, మట్టి నీటిమట్టానికి సమంగా ఉండేలా కుండీల్లో పెడితే 2009లో పూసింది.

2014 జనవరిలో అక్కడి నుంచే ఒక మొక్కని ఎవరో ఎత్తుకెళ్లారు. కలువదొంగ! నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

2023లో రువాండాలో మళ్లీ కనిపించిందట. నేను మాత్రం ఈసారి గింజల్ని తొట్టిలో కాదు, వెడల్పాటి పళ్లెంలో వేశాను.