ఆటు వేళ, మేరీ ఆనింగ్ తీరంలో

లండన్ వాటర్‌లూలో రైలెక్కి ఆక్స్‌మిన్‌స్టర్‌లో దిగాను. అక్కణ్ణుంచి ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్ అనే ఊరికి బస్సు. రైలు టైముకన్నా ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోవాలి. ఒడ్డు వెంట పక్కూరు చార్మత్ వైపు నడవాలంటే నీరు తీస్తుండగానే బయల్దేరి, మళ్ళీ పోటెక్కేలోపు వచ్చెయ్యాలి. ఆలస్యమైతే ఒకపక్క అలలు, ఇంకోపక్క బ్లాక్ వెన్ కొండ. పైకెక్కుదామంటే అదంతా జారే బురద.

కొండ పైభాగం వాననీరు ఇంకే ఇసుకరాయి, కింద నీటిని పోనివ్వని బంకరాయి. మధ్యలో నీరు చేరి చరియలు జారుతుంటాయి. సుమారు 20 కోట్ల ఏళ్ల నాటి శిలాజాలు అలాగే బయటపడతాయి. 1799లో ఈ ఊళ్లోనే పుట్టి, శిలాజాలు వెతకడంలో పేరుపడ్డ మేరీ ఆనింగ్ చలికాలపు తుపానుల తర్వాత వెతికేది. ఆగితే బయటపడ్డవాటిని అలలు పట్టుకుపోతాయి. 1833లో ఆమె కుక్క ట్రే చరియ కిందపడి చచ్చిపోయింది, ఆమె వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఇప్పటికీ కొండ మొదట్లో నిలబడకూడదు, కొండను సుత్తితో తవ్వకూడదు. గులకరాళ్లలో విడిగా దొరికేవే ఏరుకోవాలి.

తూటాల్లా ఉండే బెలెమ్నైట్‌లు (ఒకప్పటి సముద్రజీవుల శిలాజాలు) తేలిగ్గా కంటపడతాయి. చుట్టలు తిరిగిన గవ్వల్లాంటివి అమ్మోనైట్‌లు, అవీ సముద్రజీవులవే. మన దేవుడి గదిలో గండకీ సాలగ్రామం ఉంటుందే, అదీ అమ్మోనైట్ శిలాజమే. ఇక్కడివాళ్లు పాతరోజుల్లో వీటిని పాముచుట్ట రాళ్లనుకునేవాళ్లు. పైరైట్ అనే ఇనుప ఖనిజంగా మారిన చిన్నవి బంగారంలా మెరుస్తాయి. ఉప్పు పోయేదాకా మంచినీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, తేమ తగలకుండా దాచకపోతే కొన్నేళ్లకి పొడైపోతాయి.

1811లో ఇక్తియోసార్ అనే ప్రాచీన సముద్ర సరీసృపం పుర్రె ఆమె అన్నయ్య జోసెఫ్‌కి దొరికితే, మిగతా ఎముకలు మరుసటేడు మేరీ వెతికి పట్టింది. 1823లో ఆమెకు దొరికిన మరో సముద్ర సరీసృపం ప్లీసియోసార్ మెడ పొడుగు చూసి ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియే మొదట నమ్మలేదు. నాకు మాత్రం ఇంకో సంగతి గొప్పగా తోస్తుంది: ఆమె ఇక్తియోసార్ పొట్ట దగ్గర దొరికే రాతి ఉండల్ని పగలగొట్టి, లోపల చేప ఎముకలూ పొలుసులూ ఉన్నాయని గమనించడం. దాన్నిబట్టే అవి శిలాజ మలమని భూగర్భ శాస్త్రవేత్త బక్‌లాండ్ తేల్చి, 1829లో కోప్రొలైట్ అని పేరుపెట్టాడు.

ఆమె ఇల్లున్న చోటే ఇప్పుడు మ్యూజియం. పక్కనున్న సెయింట్ మైకేల్ చర్చిలో జియలాజికల్ సొసైటీ (భూగర్భ శాస్త్రవేత్తల సంఘం) సభ్యులు 1850లో ఆమె జ్ఞాపకంగా పెట్టించిన రంగుటద్దాల కిటికీ ఉంది. ఆ సొసైటీ ఆడవాళ్లకు సభ్యత్వం ఇచ్చింది 1919లో! ఆ ప్లీసియోసార్‌ని చూడాలంటే మాత్రం తిరిగి లండన్ వెళ్లి, నేచురల్ హిస్టరీ మ్యూజియంలో చూడాల్సిందే.