టాప్ లేని జిప్సీకి సబ్‌వూఫర్: ఇప్పటిదాకా అయిన పని

బండి సంగతి ముందు చెప్పేస్తాను. మారుతీ జిప్సీ కింగ్, సాఫ్ట్ టాప్, 1.3 లీటర్ పెట్రోల్. ముందు రెండు సీట్లు, వాటి వెనక విడిగా వేయించిన రోల్ బార్ (బండి బోల్తా పడితే కాపాడే ఇనుప కమ్మీ), ఆ వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు. పైన క్యాన్వాస్ ఉందంటే ఉంది. అనంతపురంలో వానకు భయపడి టాప్ వేసుకునే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి అది ఎప్పుడూ మడిచే ఉంటుంది. ఎండాకాలం పగటిపూట బండి తీయను. పొద్దు వాలాక బెంగళూరు హైవే ఎక్కి పెనుకొండ వైపు ఓ చుట్టు తిరిగొస్తాను. ఆ చుట్టులో పాట వింటే డప్పు దెబ్బ గుండెకు తగలాలి. నా కోరిక ఇంతే. అందుకే సబ్‌వూఫర్, అంటే లోతు బేస్ మాత్రమే మోగించే పెద్ద స్పీకర్.

ఊళ్లో యాక్సెసరీస్ షాపులు చాలానే తిరిగాను. ప్రతి చోటా డెమో వినిపించింది తలుపులు బిగించిన కారులోనే. అందులో ఏ ఊఫరైనా బ్రహ్మాండంగానే ఉంటుంది. అద్దాలు ఎత్తేసిన కారులో గాలికి పోయే దారి ఉండదు. కోన్ (ఊఫర్ ముందుండే గరాటు లాంటి పొర) కదిలినప్పుడల్లా లోపలి గాలంతా ఒత్తిడికి గురవుతుంది. 50 హెర్ట్జ్ (సెకనుకు 50 కంపనాలు) శబ్దతరంగం పొడవు దాదాపు 7 మీటర్లు, కారు లోపల ఉండే చోటు అందులో సగం కూడా కాదు. అందుకే లోతు బేస్ అక్కడ దానంతట అదే పెరిగిపోతుంది. దీన్ని క్యాబిన్ గెయిన్ అంటారు. టాప్ తీసిన జిప్సీలో ఈ ఉచిత బేస్ రాదు. పైగా గాలి హోరు, మడ్ టైర్ల రొద ఎక్కువగా తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటాయి, అంటే సరిగ్గా మన బేస్ ఉండే చోట. ఆషాఢం గాలి మొదలైందంటే మా జిల్లాలో బండి ఆపి కూర్చున్నా హోరే.

కాబట్టి 30 హెర్ట్జ్ వెంట పడకూడదని నిర్ణయించుకున్నాను. టాప్ లేని బండిలో దాన్ని వినిపించాలంటే పెట్టాల్సిన ఖర్చుకు, వచ్చే ఫలితానికి పొంతన ఉండదు. 45 నుంచి 90 హెర్ట్జ్ మధ్య గట్టిగా కొట్టేది కావాలి. డప్పులో, డ్రమ్స్‌లో, బేస్ గిటార్‌లో మన ఛాతీకి తెలిసే దెబ్బ చాలావరకు అక్కడే ఉంది.

సీటు కింద దూర్చే పల్చటి 8 అంగుళాల యాక్టివ్ సబ్‌లు (యాంప్లిఫయర్, అంటే ఆంప్, లోపలే ఉండేవి) మొదటే పక్కకు పోయాయి. హ్యాచ్‌బ్యాక్‌లో ఇంటిల్లిపాదీ తిరిగేవాళ్లకు అవి మంచివే, ఇక్కడ చాలవు. 12 అంగుళాలది పెడితే దాన్ని బిగించే చెక్క డబ్బా బండి వెనక భాగమంతా తినేస్తుంది. చివరికి 10 అంగుళాల ఊఫర్, 300 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఎడతెగకుండా తట్టుకోగల వాట్లు), 4 ఓమ్‌ల కాయిళ్లు రెండు ఉన్నది తీసుకున్నాను. ఊఫర్ వచ్చిన అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో అచ్చేసిన మ్యాక్స్ వాట్లను చూడొద్దు, ఆర్‌ఎంఎస్ అంకె వెతకండి. కోన్ పాలీప్రొపిలీన్, అంచు రబ్బరు. కాగితం కోన్ తేమ పీలుస్తుంది, ఫోమ్ అంచు మా ఎండకు పొడి పొడిగా రాలిపోతుంది.

డబ్బా దగ్గరే ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. మూసిన డబ్బా చిన్నది, కట్టడం తేలిక, దెబ్బ తెగినట్టు ఉంటుంది. కానీ దాని కింది బేస్ పడిపోతుంటే మూసిన కారైతే క్యాబిన్ గెయిన్ ఎత్తి నిలబెడుతుంది, ఇక్కడ ఎత్తేవాళ్లు లేరు. పైపు పెట్టిన డబ్బా అయితే ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ చుట్టుపక్కల అదే కరెంటుతో ఎక్కువ శబ్దం ఇస్తుంది. 3 డెసిబెల్స్ పెరిగినా ఆంప్ వాట్లు రెట్టింపు చేసినంత లెక్క. జిప్సీ ఆల్టర్నేటర్ పెద్దదేమీ కాదు, అందుకే ఈ లాభాన్ని వదులుకోబుద్ధి కాలేదు.

లెక్క ఇలా వేశాను. గాలికి 35 లీటర్లు, ట్యూనింగ్ 42 హెర్ట్జ్. లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లున్న పైపు వాడితే పొడవు 31 సెంటీమీటర్లు వస్తుంది. పైపు దాదాపు 3 లీటర్లు, ఊఫర్ వెనక భాగం ఒకటిన్నర లీటరు ఆక్రమిస్తాయి. అంటే లోపలి కొలత 40 లీటర్లు ఉండాలి: 50 × 32 × 25 సెంటీమీటర్లు. 18 ఎంఎం చెక్కతో బయటి కొలత 53.6 × 35.6 × 28.6. పైపు వెనక అడుగు మూలకు ఆనుకుని పొడవునా పోతుంది, అప్పుడే మాగ్నెట్‌కు తగలకుండా ఉంటుంది. 3 అంగుళాల పైపుతో పొడవు సగానికి తగ్గుతుంది కానీ గట్టిగా పెడితే బుస్సుమంటుంది.

షాపుల్లో రెడీమేడ్ డబ్బాలన్నీ ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన పలక). అది నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, టాప్ లేని బండికి దండగ. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తెచ్చి మా వీధి వడ్రంగి మేస్త్రీకి ఇచ్చాను. కాగితం మీది కొలతలు చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న:

"గంధపు పెట్టెకి కూడా ఇన్ని లెక్కలు ఇయ్యరు కదా సామీ, అర సెంటీమీటరు అటూ ఇటూ అయితే ఏమవుతుంది?"

"అర సెంటీమీటరుకేం కాదు అన్నా. సందు ఉంటేనే తంటా. గాలి బయటికి కారితే ఈలేస్తుంది."

దాంతో పంతం పట్టినట్టున్నాడు, కీళ్లన్నీ వాటర్‌ప్రూఫ్ ఫెవికాల్‌తో, స్క్రూలతో అతికించి లోపలి మూలలన్నిటికీ సిలికాన్ పూశాడు. పైన కార్పెట్ వద్దన్నాను. అది నీళ్లూ దుమ్మూ రెండూ పట్టుకుని కూర్చుంటుంది. లోపలా బయటా పీయూ పెయింట్ కొట్టించాను. పైపు నోటికి స్టీలు జాలీ, లేకపోతే రాత్రికి రాత్రి ఏ పురుగో కాపురం పెడుతుంది.

డబ్బా బిగించే చోట ఒక హెచ్చరిక. జిప్సీ పెట్రోల్ ట్యాంకు వెనక ఫ్లోర్ కిందే ఉంటుంది. పై నుంచి డ్రిల్ పెట్టి స్క్రూ దించేద్దాం అనుకునే పని ఇక్కడ చేయొద్దు. నేను ఎడమ బెంచీ తీసేసి, దాని బోల్టు రంధ్రాలకే ఇనుప పట్టీలు వేసి డబ్బా కట్టాను. కొత్త రంధ్రం ఒక్కటీ లేదు. బెంచీ పక్కన పెట్టి ఉంచాను, బంధువులొస్తే మళ్లీ బిగించుకోవచ్చు.

క్యాన్వాస్‌ను బ్లేడుతో కోసేయొచ్చు, కాబట్టి బయట రాత్రి ఆపాల్సొస్తే డబ్బా విప్పి ఇంట్లో పెట్టుకునేలా ఉండాలి. స్పీకర్ వైరుకు ఈ-రిక్షా బ్యాటరీలకు వాడే యాండర్సన్ ప్లగ్ వేశాను. బోల్టులు విప్పి, ప్లగ్ లాగితే చాలు. మ్యూజిక్ సిస్టమ్ కూడా ముఖం ఊడొచ్చే సింగిల్ డిన్ (పల్చటి సైజు) రకమే. దానికి సబ్‌వూఫర్ కోసం వేరే ఆర్‌సీఏ అవుట్‌పుట్ (ఆంప్‌కు పాట సిగ్నల్ పంపే సాకెట్) ఉంది, కొనేటప్పుడు ఇది చూసుకోండి.

వైరింగ్ నేనూ, తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ కలిసి చేశాం. ఆంప్ మోనోబ్లాక్ (ఒక్క ఛానెల్‌ది), క్లాస్ డి (కరెంటు తక్కువ తినే రకం), 2 ఓమ్‌ల దగ్గర 300 వాట్లు. ఊఫర్ కాయిళ్లు రెంటినీ ప్యారలల్‌లో కలిపితే సరిగ్గా 2 ఓమ్‌లు. ఆంప్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే 300 ÷ 0.8 ÷ 13.8, అంటే పూర్తిగా పెట్టినప్పుడు 27 ఆంపియర్లు. షాపువాళ్లు 4 గేజ్ (గేజ్ అంకె తగ్గే కొద్దీ వైరు లావు) కిట్ అంటగట్టబోయారు. కోసి చూస్తే లోపల రాగి పూత పూసిన అల్యూమినియం, పైన లావుపాటి ప్లాస్టిక్. దానికంటే అసలైన రాగి 8 గేజ్ నయం. 5 మీటర్ల పొడవుకు 27 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.28 వోల్టులే పడిపోతుంది.

బ్యాటరీ ప్లస్ నుంచి ఒక జానెడు దూరంలోనే 40 ఆంపియర్ల ఫ్యూజ్. ఆంప్‌కు సొంత ఫ్యూజ్ ఉంది కదా అని దీన్ని వదిలేయొద్దు. ఈ ఫ్యూజ్ కాపాడేది ఆంప్‌ను కాదు, మధ్యలో వైరు ఒరిసి బాడీకి తగిలితే బండి అంటుకోకుండా కాపాడుతుంది. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ సీట్లకూ మధ్య రేకు) దాటే చోట రబ్బరు గ్రామెట్ (రంధ్రం అంచుకు వేసే రింగు) తప్పనిసరి. ఎర్త్‌కు పెయింట్ గీకి, మెరిసే ఇనుము మీద లగ్గు బిగించి, పైన మళ్లీ పెయింట్ పూశాం, లేకపోతే తుప్పు. పవర్ వైరు కుడి వైపు, ఆర్‌సీఏ ఎడమ వైపు. ఇంజిన్ రేజ్ చేసినా స్పీకర్లలో కూత లేదు.

ఆంప్‌ను ఫ్లోర్ మీద పెట్టలేదు, బండి కడిగిన నీళ్లు నిలిచేది అక్కడే. డ్రైవర్ సీటు వెనక ప్లై ముక్క నిలబెట్టి, నాలుగు వేళ్లు ఎత్తులో, వెనక గాలాడేలా బిగించాను. 42 డిగ్రీల్లో ఎండన పెట్టిన బండి ఎక్కి వెంటనే గట్టిగా పెడితే ఏ ఆంప్ అయినా వేడికి ఆగిపోతుంది. ముందు కాసేపు నడిపి తర్వాత పెంచుతున్నాను.

రోల్ బార్‌కు పడవల్లో వాడే రకం పాడ్ స్పీకర్లు రెండు, ఆరున్నర అంగుళాలవి, చెవి ఎత్తులో. వాటికి వేరే చిన్న ఆంప్. వీటి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, నీళ్లకు తట్టుకునేవి కొన్నాను, బిగించాను, మోగుతున్నాయి.

గెయిన్ (ఆంప్ సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) చెవితో కాకుండా మల్టీమీటర్‌తో పెట్టాం. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే వోల్టులు: 300 × 2 = 600, దాని వర్గమూలం 24.5. ఊఫర్ వైరు ఊడదీసి, 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, సిస్టమ్ వాల్యూమ్ ముప్పావు వంతు దగ్గర, బేస్ బూస్ట్ సున్నాలో ఉంచి, ఏసీ వోల్టులు 24.5 వచ్చేదాకా గెయిన్ తిప్పడమే. సబ్‌సానిక్ ఫిల్టర్ (అంతకు కింది ఫ్రీక్వెన్సీలను కోసేది) 35 హెర్ట్జ్ దగ్గర. పైపు డబ్బాలో ట్యూనింగ్ కిందికి పోతే కోన్‌కు పట్టు ఉండదు, విచ్చలవిడిగా ఊగి చెడిపోతుంది. కాబట్టి ఈ ఫిల్టర్ లేని ఆంప్ వద్దు.

లో పాస్ (సబ్‌కు ఏ ఫ్రీక్వెన్సీ దాకా పంపాలో నిర్ణయించే ఫిల్టర్) మామూలుగా 80 హెర్ట్జ్ దగ్గర పెట్టమంటారు. హైవే మీద 80 కిలోమీటర్ల వేగంలో వింటే పాడ్ల బేస్ గాలికే పోతోంది. లో పాస్‌ను 100 కు, పాడ్ల హై పాస్‌ను (అంతకు కింది బేస్ వాటికి వెళ్లకుండా ఆపేది) 110 కు జరిపాక మధ్యలో ఖాళీ పూడింది. ఫేజ్ స్విచ్ (కోన్ కదలిక దిశను తిరగేసేది) 180 లో పెడితే నా సీటు దగ్గర దెబ్బ గట్టిగా ఉంది, అక్కడే ఉంచాను. పరీక్షకు ఎప్పుడూ వాడేది మా జిల్లా ఉరుముల (తోలు వాద్యం) రికార్డింగ్. ఆ తోలు మూలుగు పల్చగా వినిపిస్తే సెట్టింగ్ తప్పినట్టే. టవర్ క్లాక్ దగ్గర నెమ్మదిగా పోతుంటే నిండుగా ఉంది, హైవే మీద 90 దాటితే మాత్రం సగమే మిగులుతోంది. దీనికి ఇంకో 300 వాట్లు మందు కాదు, వేగం తగ్గించడమే. రాత్రి 10 తర్వాత వీధిలోకి వచ్చేటప్పుడు సబ్ పూర్తిగా ఆపేస్తాను. చట్టం ఎలాగూ ఉంది, పక్కింటి పెద్దాయన నిద్ర అంతకంటే పలచన.

ఇంజిన్ ఐడ్లింగ్‌లో, హెడ్‌లైట్లు వేసి, గట్టిగా పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 13 వోల్టులకు కిందికి దిగడం లేదు. బండి విడిభాగాలు దొరికే బెంగళూరు జేసీ రోడ్‌లో పెద్ద ఆల్టర్నేటర్ వెతకాలన్న ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను. మిగిలిన పనులు రెండు. 60 హెర్ట్జ్ దగ్గర వెనక డోరుకున్న స్టెప్నీ బ్రాకెట్ గలగలమంటోంది, దానికి రబ్బరు వాషర్లు వేయాలి. డబ్బాకు టార్పాలిన్ తొడుగు కుట్టడానికి సీట్ల మేస్త్రీకి కొలతలు ఇచ్చాను, పైపు నోటి వైపు జిప్ పెట్టమన్నాను.